దసరాకు పాత డీజిల్ కారు కొంటున్నారా? ముందు సీటు బెల్టు చివరిదాకా లాగండి

వానలు తగ్గి, తంగేడు పూసి, వాడల్లో బతుకమ్మ పాటలు మొదలయ్యాయంటే మా హనుమకొండ, వరంగల్ వైపు పాత కార్ల బేరాలు కూడా ఊపందుకుంటాయి. దసరా నాటికి బండి ఇంటి ముందు ఉండాలి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాలి, సాయంత్రం జమ్మికి పిల్లల్ని దాంట్లోనే తీసుకపోవాలి. ఆ ఆశ మంచిదే. కానీ ఆ తొందరలోనే ఏటా కొన్ని కుటుంబాలు లక్షలు పోగొట్టుకుంటున్నాయి. మా ఇంట్లోనూ అదే జరిగింది కాబట్టి ఇది రాస్తున్నాను.

2023 జులై చివరి వారం గుర్తుందా? భూపాలపల్లి జిల్లాలో మోరంచపల్లి రాత్రికి రాత్రే మునిగిపోయింది. ఇక్కడ నయీంనగర్ నాలా పొంగింది, హంటర్ రోడ్డు వైపు కాలనీల్లో ఇంటి ముందు పెట్టిన కార్లు పెట్టినచోటే మునిగాయి. ఆ ఏడు దసరా అక్టోబర్ చివర్లో వచ్చింది. అంటే మధ్యలో మూడు నెలలు. మునిగిన బండిని ఆరబెట్టడానికి, లోపల కడగడానికి, పాలిష్ కొట్టి అమ్మకానికి నిలబెట్టడానికి ఆ టైం ఎక్కువే. 2024 సెప్టెంబర్ మొదట్లో మహబూబాబాద్ వైపు వరద వచ్చింది, దసరా అక్టోబర్ 12న. 2025లో మొంథా తుపాను వాన దసరా దాటాక, అక్టోబర్ నెలాఖరులో పడింది. అప్పుడు మునిగినవి ఆ తర్వాతి సంక్రాంతి బేరాలకు వచ్చి ఉంటాయి. కాబట్టి మన దగ్గర పాత బండి కొనేవాళ్లు మొదట అడగాల్సింది మైలేజ్ గురించి కాదు, నీళ్ల గురించి.

మా బావ ఆ 2023 దసరాకే ఒక తెల్ల డీజిల్ హ్యాచ్‌బ్యాక్ తీసుకున్నాడు. పెయింట్ మెరుస్తోంది, సీట్లకు కొత్త కవర్లు, లోపల సెంటు వాసన. మార్కెట్ ధర కంటే నలభై వేలు తక్కువ. "అన్నా, పార్టీకి పైసలు అర్జెంటు, అందుకే ఈ రేటు" అన్నాడు బ్రోకర్. నాలుగు నెలలు బాగానే తిరిగింది. ఒకరోజు హైదరాబాద్ నుంచి వస్తుంటే జనగామ దాటాక ఇంజన్‌లో టకటక శబ్దం మొదలైంది, పెండ్యాల చేరేసరికి ఆగిపోయింది. ఇంజన్ విప్పితే ఒక కనెక్టింగ్ రాడ్ వంగి ఉంది. మెకానిక్ ఏమీ మాట్లాడకుండా డ్రైవర్ సీటు దగ్గరికి పోయి బెల్టు లాగడం మొదలుపెట్టాడు. రోజూ మనం లాగేంతవరకు శుభ్రంగా బూడిద రంగులో ఉంది. అక్కడ ఆగకుండా ఇంకా లాగాడు. చివరి రెండు జానల మీద గోధుమ రంగు చార ఒకటి అడ్డంగా కనిపించింది, దాని కింద అల్లికలో ఎండిన ఒండ్రు. గోటితో గీకితే పొడిలా రాలింది. సీట్లు మార్చారు, మ్యాట్లు మార్చారు, బెల్టు పూర్తిగా బయటికి లాగి కడగాలని మాత్రం వాళ్లకు తట్టలేదు.

రాడ్ ఎందుకు వంగుతుంది? డీజిల్ ఇంజన్ గాలిని పదహారు, పద్దెనిమిదో వంతుకు నొక్కి ఆ వేడితోనే డీజిల్‌ను మండిస్తుంది. గాలి బదులు నీళ్లు లోపలికి పోతే నీళ్లు నొక్కుకోవు. పిస్టన్ పైకి రాలేదు, కింద నుంచి తోసే రాడ్ ఒంగిపోతుంది. కొద్దిగా ఒంగిన రాడ్‌తో బండి వెంటనే ఆగిపోదు. వారాలు, నెలలు నడుస్తుంది. అమ్మేవాడికి కావలసింది కూడా ఆ కొన్ని నెలలే.

అందుకే బెల్టులన్నీ లాగండి, వెనకవి కూడా. డిక్కీలో స్టెప్నీ తీసి దాని గుంతలో మూలలు చేత్తో తడమండి, మట్టి ఉందేమో చూడండి. ముందు సీట్లను వెనక్కి జరిపి వాటి పట్టాలు, బోల్టులు తుప్పు పట్టాయేమో చూడండి. మామూలుగా వాడిన బండిలో అక్కడ దుమ్ము ఉంటుంది కానీ తుప్పు ఉండదు. బోనెట్ కింద ఫ్యూజ్ బాక్స్ మూత తెరిచి అక్కడా మట్టి, తుప్పు ఉన్నాయేమో చూడండి. హెడ్‌లైట్ లోపల నీటి గీత పడి ఉందా చూడండి. అద్దాలన్నీ మూసి పది నిమిషాలు ఎండలో పెట్టించి, తలుపు తీయగానే వాసన చూడండి. సెంటు మరీ ఘాటుగా కొట్టారంటే ఇంకొంచెం అనుమానించండి.

ఇంకో ఆనవాలు కాగితాల్లో దొరుకుతుంది, దీన్ని చాలామంది చూడరు. గత రెండేళ్ల ఇన్సూరెన్స్ పాలసీలు అడగండి. క్లెయిమ్ చేయని ఓనర్‌కు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, నో క్లెయిమ్ బోనస్, ఏటా 20, 25, 35, 45, 50 శాతంగా పెరుగుతూ పోతుంది. నిరుడు 45 ఉండి ఈసారి సున్నా అయిందంటే చాలావరకు మధ్యలో క్లెయిమ్ జరిగిందని అర్థం. అది దేనికి జరిగిందో ఓనర్ నోటితో చెప్పించండి. పాత పాలసీలు ఇవ్వలేమంటే ఆ బండి వదిలేయండి.

నీళ్ల సంగతి తేలాక అసలు ప్రశ్న: మీకు డీజిల్ అవసరమా? ఈ మధ్య కాలంలో మన దగ్గర పెట్రోల్‌కు, డీజిల్‌కు లీటరుకు పన్నెండు రూపాయల దాకా తేడా ఉంటోంది. పెట్రోల్ బండి 15, డీజిల్ బండి 20 ఇస్తుందనుకుందాం. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగితే దాదాపు 2,400 రూపాయలు మిగులుతాయి. మూడు వందలే తిరిగితే ఏడు వందలు. డీజిల్ బండిలో ఇంజెక్టర్లు (డీజిల్ చిమ్మేవి), టర్బో (ఇంజన్‌లోకి గాలి ఎక్కించేది), క్లచ్ ఏది పోయినా పెట్రోల్ బండి కంటే ఖర్చెక్కువ, ఒక్క రిపేరు ఏడాది పొదుపును తినేస్తుంది. రోజూ హనుమకొండ నుంచి ములుగు పోయివచ్చే టీచర్‌కు డీజిల్ సరైనదే. హనుమకొండ చౌరస్తా నుంచి సుబేదారికి, ఆదివారం భద్రకాళి గుడికి మాత్రమే పోయే ఇంటికి వద్దనే చెప్తాను. ముఖ్యంగా 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్ 6 డీజిల్ అస్సలు వద్దు. వాటి సైలెన్సర్ లైన్‌లో మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. అది వేడెక్కి మసిని కాల్చుకోవాలంటే బండి హైవే మీద కొంతసేపు ఆగకుండా నడవాలి. గల్లీల్లోనే తిరిగితే మూసుకుపోతుంది, డీజిల్ పోయి ఇంజన్ ఆయిల్‌లో కలిసి ఆయిల్ మట్టం పెరుగుతుంది కూడా.

ఇక నడపడంలో హుషారు. డీజిల్ బండి సరదా ఎక్కడుందో రోజూ నడిపేవాళ్లకు తెలుసు. ఇంజన్ నిమిషానికి రెండు వేల చుట్లు (ఆర్పీఎం) తిరిగే దగ్గర టర్బో అందుకుని వీపును సీటుకు నొక్కుతుంది చూడండి, అక్కడ. లారీని దాటేటప్పుడు గేరు మార్చకుండానే బండి లాక్కుపోతుంది. స్విఫ్ట్, డిజైర్‌లలో వచ్చిన 1.3 లీటర్ల ఇంజన్ ఫియట్‌ది. ఇంచుమించు అదే ఇంజన్ పుంటోలో, ఇండికా విస్టాలో కూడా ఉంది. స్విఫ్ట్‌లో 75 హార్స్‌పవర్, 190 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే లాగే బలం. కింద కొంచెం బద్ధకం, పైకి పోయాక మంచి ఊపు. మారుతి 2020లో డీజిల్ ఆపేసినా పార్టులు ప్రతి షాపులో దొరుకుతాయి, పని తెలిసిన మెకానిక్ ప్రతి మండలంలో ఉంటాడు. ఫోర్డ్ ఫిగో, ఆస్పైర్‌లలో 1.5 లీటర్ల ఇంజన్ 100 హార్స్‌పవర్, 215 న్యూటన్ మీటర్లు. బండి తేలిక కాబట్టి ఆ శక్తి బాగా తెలుస్తుంది. పోలో 1.5 డీజిల్‌కు 90 హార్స్‌పవర్, 230 న్యూటన్ మీటర్లు, హైవే మీద రోడ్డును పట్టుకుని పోతుంది. ఐ20లో 1.4 డీజిల్, ఆరు గేర్లు, సాఫీగా ఉంటుంది. హోండా అమేజ్ డీజిల్ మైలేజ్‌లో మంచిది, శబ్దమే ఎక్కువ.

నన్నడిగితే నలుగురున్న ఇంటికి, నడపడం ఇష్టమున్నవాడికి ఆస్పైర్ 1.5 బాగా కుదురుతుంది, డిక్కీ కూడా పెద్దది. కానీ ఫోర్డ్ 2021లో ఇక్కడ కార్ల తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది. బంపర్, హెడ్‌లైట్ లాంటివి కొనే ముందే ఎక్కడ దొరుకుతాయో కనుక్కోండి. ఊళ్లోనే రిపేర్ కావాలనుకుంటే స్విఫ్ట్ లేదా డిజైర్. ఫోర్డ్, పోలో డీజిల్ ఇంజన్లలో వాల్వులను పిస్టన్లతో జతగా నడిపే టైమింగ్ బెల్టు రబ్బరుది. అది తెగితే వాల్వులు, పిస్టన్లు కొట్టుకుని ఇంజన్ విప్పి బాగుచేయించాల్సి వస్తుంది. బెల్టు మార్చిన బిల్లు చూపించకపోతే ఆ ఖర్చు ధరలోంచి తగ్గించుకుని, కొన్న వారంలోనే మార్పించండి. స్విఫ్ట్‌లో చైన్ ఉంటుంది, చల్లని స్టార్ట్‌లో గలగలమంటే అది సాగిందని.

చల్లని స్టార్ట్ అన్నాను కదా, దాని గురించి కొంచెం ఆగి చెప్పాలి. బండి చూడడానికి పొద్దున్నే పోండి, ఏడు గంటలకు. "మీరొచ్చేవరకు నేను స్టార్ట్ చేయను" అని ఓనర్‌తో ముందే చెప్పించుకోండి. పోగానే బోనెట్ మీద అరచేయి పెట్టండి. వెచ్చగా ఉంటే ఏదో దాస్తున్నారు, మరోరోజు వస్తామని తిరిగి రండి. చల్లగా ఉంటే తాళం తిప్పి, డ్యాష్‌బోర్డు మీద చుట్ట గుర్తు లైటు ఆరేదాకా ఆగి, సెల్ఫ్ కొట్టండి. ఒకటి రెండు చుట్లకే అందుకోవాలి. మనిషిని వెనక నిలబెట్టి పొగ చూడమనండి. మొదటి క్షణం కొద్దిగా వస్తే ఏం కాదు. నీలం పొగ వస్తే ఆయిల్ మండుతోంది. తెల్ల పొగ ఆగకుండా వస్తే ఇంజెక్టర్ సరిగ్గా కొట్టట్లేదు, లేదంటే ఇంజన్‌ను చల్లబరిచే కూలెంట్ లోపలికి పోతోంది. గట్టిగా రేస్ చేసినప్పుడు నల్లటి మబ్బు లేస్తే గాలి సరిపోవట్లేదు, టర్బో పైపో ఇంజెక్టరో చూపించాలి.

ఇంజన్ నడుస్తుండగానే ఆయిల్ పోసే మూత విప్పి, తలకిందులుగా ఆ రంధ్రం మీదే పెట్టండి. కొద్దిగా వణికితే మామూలే. ఎగిరి పడితే, లేదా రైలింజన్‌లా పొగ దబదబా తోసుకొస్తే పిస్టన్ రింగులు పోయాయి, ఇంజన్ విప్పించే రోజు దగ్గర్లో ఉంది. ఆయిల్ నల్లగా ఉందని భయపడకండి, డీజిల్ బండిలో ఆయిల్ మార్చిన మర్నాటికే నల్లబడుతుంది. పాల టీ రంగులో ఉంటే మాత్రం బేరం అక్కడే ఆపేయండి.

నడిపి చూడడానికి బ్రోకర్ చూపించిన గల్లీ చుట్టూ ఒక రౌండ్ చాలదు. ములుగు రోడ్డు మీద గూడెప్పాడ్ క్రాస్ దాకా పోయి రండి. నాలుగో గేరులో నలభై మీద ఉన్నప్పుడు ఒక్కసారిగా తొక్కండి. ఆర్పీఎం ముల్లు పైకి లేచి స్పీడు మాత్రం పెరగకపోతే క్లచ్ ప్లేటు అరిగింది. టర్బో సన్నగా ఈల వేస్తే సరే, అంబులెన్స్ సైరన్‌లా కూస్తే కాదు. ఖాళీ రోడ్డు చూసి స్టీరింగ్ మీద పట్టు వదులు చేయండి, ఒక పక్కకు లాగితే ఎక్కడో తగిలిన బండి కావచ్చు. ఇంటివాళ్లను కూడా వెనక కూర్చోబెట్టుకుని పోండి. స్పీడ్ బ్రేకర్ల మీద వెనక సీటుకు తెలిసే కుదుపు ముందు సీటుకు తెలియదు.

మీటర్ మీద కిలోమీటర్లు నమ్మకండి. టైర్ పక్కన నాలుగంకెలు ఉంటాయి, 2219 అంటే 2019లో 22వ వారం. నలభై వేలే తిరిగిందని చెప్పే బండికి మూడో జత టైర్లుంటే లెక్క కుదరదు. క్లచ్ పెడల్ రబ్బరు అద్దంలా నున్నగా అరిగి ఉందా చూడండి. కంపెనీ సర్వీస్ సెంటర్‌లో నంబర్ చెప్పి చరిత్ర అడగండి. ట్యాక్సీగా తిరిగి తెల్ల ప్లేటుకు మారినవి డీజిల్‌లో చాలా ఉంటాయి.

కాగితాల్లో మొదట ఆర్‌సీ గడువు చూడండి. సొంత బండికి 15 ఏళ్లు. 2012 బండి కొంటే 2027లో మళ్లీ రెన్యువల్, ఫిట్‌నెస్. ఢిల్లీ బండ్లు ఇక్కడికి చవగ్గా ఎందుకొస్తాయంటే, అక్కడ పదేళ్లు దాటిన డీజిల్ బండ్ల మీద జాతీయ హరిత ట్రిబ్యునల్ పెట్టిన ఆంక్షలు ఏళ్ల తరబడి నలుగుతున్నాయి. అలాంటిది కొంటే అక్కడి ఆర్టీఓ నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), ఇక్కడ లైఫ్ టాక్స్, కొత్త నంబర్. ఈ మూడింటి ఖర్చు కలిపాక చవక మిగలదు. మన రాష్ట్రం బండైతే పేరు మార్పుకు 29, 30 ఫారాల మీద సంతకాలు, ఫైనాన్స్ ఉంటే అప్పు తీరిందని చూపే 35వ ఫారం, బ్యాంకు ఎన్‌ఓసీ. పెండింగ్ చలాన్లు ఆన్‌లైన్‌లో చూసి, కట్టించాకే బయానా ఇవ్వండి. ఇన్సూరెన్స్ 14 రోజుల్లో మీ పేరు మీదికి మార్పించుకోండి, లేదంటే మీ బండి డ్యామేజీ క్లెయిమ్ కష్టమవుతుంది. పాత ఓనర్ నో క్లెయిమ్ బోనస్ ఆయనదే, మీకు రాదు. ప్రీమియం లెక్క అలాగే వేసుకోండి.

కొన్నాక ఇంజన్ ఆయిల్, డీజిల్ ఫిల్టర్, ఎయిర్ ఫిల్టర్, కూలెంట్ మార్పించాకే పూజకు పెట్టండి. ఇంకొక్క మాట, వచ్చే వానాకాలానికి. నయీంనగర్ బ్రిడ్జి దగ్గరో, ఏదో వాగు దాటుతూనో నీళ్లలో బండి ఆగిపోతే మళ్లీ సెల్ఫ్ కొట్టకండి. తాళం తీసి, తలుపు తెరుచుకుని పిల్లల్ని ఎత్తుకుని ఒడ్డుకు రండి, బండిని తర్వాత తాడు కట్టి లాగించుకోవచ్చు. మా బావ కొన్న ఆ బండిని, ఆ ముందు ఓనర్ నీళ్లలోనే మూడుసార్లు సెల్ఫ్ కొట్టాడట.