కొత్త కళ్ళజోడు కుదరడం లేదా? తప్పు ధరది కాకపోవచ్చు

బెంగళూరు మారతహళ్ళిలో మా అపార్ట్‌మెంట్ నిండా అనంతపురం, కడప, నెల్లూరు వైపు వాళ్ళే. మైనస్ ఐదున్నర పవర్‌తో ఇరవై ఏళ్ళుగా నెట్టుకొస్తున్నవాణ్ణి కాబట్టి కళ్ళజోడు పంచాయితీలన్నీ నా దగ్గరికే వస్తాయి. వచ్చేవాళ్ళు తీర్పు కూడా వాళ్ళే చెప్పేస్తారు: "ఎనిమిది వందల జోడు కదన్నా, ఇంకెట్లుంటుంది!" నేను చూసినంతలో ధర వల్ల వచ్చిన తంటాలు తక్కువ. కొలత తప్పడం, ఫ్రేము ముఖానికి అమరకపోవడం, అద్దాలు చొక్కా అంచుతో తుడవడం, ఎక్కువగా ఈ మూడే.

"పెట్టుకుంటే తల తిరుగుతోంది, కళ్ళు లాగుతున్నాయి"

ఎన్ని రోజులైందో ముందు లెక్క చూసుకోండి. పవర్ బాగా మారినా, సిలిండర్ (ఒక దిశలో మాత్రమే ఉండే పవర్) కొత్తగా చేరినా నేల వంపుగా కనబడుతుంది. మెట్టు దిగబోతే నేల పైకి లేచినట్టుంటుంది. ఇది మామూలే. రోజురోజుకూ తగ్గుతూ రావాలి. పాత జోడు, కొత్త జోడు మార్చి మార్చి పెట్టుకుంటే అలవాటు కావడం ఆలస్యమవుతుంది. రెండు వారాలైనా తగ్గకపోతే మాత్రం "అలవాటైపోతుందిలే" అన్న మాట నమ్మొద్దు.

అప్పుడు ఒక్కో కన్ను మూసి, దూరంగా ఉన్న బస్సు బోర్డో, ఎదురింటి నంబరో చదవండి.

ఒక కంటికే మసకగా ఉంటే పవర్‌లోనో యాక్సిస్‌లోనో (సిలిండర్ ఏ కోణంలో ఉందో చెప్పే అంకె) తేడా ఉంది. డాక్టర్ చీటీ పట్టుకుని ఏదైనా కళ్ళజోళ్ళ షాపుకెళ్ళి, అద్దం పవర్ కొలిచే లెన్సోమీటర్‌లో పెట్టి చూడమనండి. రెండు నిమిషాల పని. ఆన్‌లైన్లో ఆర్డర్ పెట్టేటప్పుడు పొరపాటు మనదే కావచ్చు కూడా: మైనస్ బదులు ప్లస్ నొక్కడం, యాక్సిస్ 80 బదులు 180 కొట్టడం, కుడి ఎడమలు తారుమారు చేయడం. చీటీలో ఓడీ అంటే కుడి కన్ను, ఓఎస్ అంటే ఎడమ కన్ను.

ఇక్కడ ఒక చిన్న మెలిక ఉంది. కింది ఫ్లోర్ అక్క ఒకరోజు కంగారుగా వచ్చింది. డాక్టర్ చీటీలో మైనస్ 2, సిలిండర్ ప్లస్ 1, యాక్సిస్ 90 అని ఉందట. షాపువాడు మైనస్ 1, సిలిండర్ మైనస్ 1, యాక్సిస్ 180 అని రాసుకున్నాడట. "మోసం చేసినాడు" అని ఆమె టెన్షన్. నిజానికి రెండూ ఒకటే పవర్, రాసే పద్ధతి వేరు. స్ఫియర్‌కి, అంటే మొదట రాసిన పవర్‌కి, సిలిండర్ కలపాలి, సిలిండర్ గుర్తు మార్చాలి, యాక్సిస్‌ని 90 జరపాలి. లెక్క సరిపోతే షాపువాడితో గొడవ అక్కర్లేదు.

ఇక విడివిడిగా రెండు కళ్ళకీ శుభ్రంగా కనబడుతూ, రెండూ తెరిస్తేనే లాగుతోందంటే నా అనుమానం పీడీ మీద. అంటే రెండు కంటిపాపల మధ్య దూరం. మన చీటీల్లో చాలాసార్లు ఇది రాయరు. నేను మొదటిసారి ఆన్‌లైన్లో కొన్నప్పుడు ఆ గడిలో ముందే ఉన్న 64ని అలాగే వదిలేశాను. నాది 59. అంటే ఒక్కో కంటికి అద్దం కేంద్రం 2.5 మిల్లీమీటర్లు పక్కకు పోయింది. ఎంత పక్కకు పోయిందో సెంటీమీటర్లలో తీసుకుని పవర్‌తో గుణిస్తే ఎంత ప్రిజం, అంటే చూపును పక్కకు లాగే గుణం, పడిందో తెలుస్తుంది. 5.5ని 0.25తో గుణిస్తే దాదాపు 1.4. రెండు కళ్ళకూ కలిపి 2.75. ఆ మేరకు కళ్ళు రోజంతా బలవంతంగా సర్దుకోవాలి, సాయంత్రానికి తలపోటు రాక ఏమవుతుంది? అదే సైట్లో, అదే 64తో కొన్న నా రూమ్మేటుకి ఏమీ కాలేదు. వాడి పవర్ 1 మాత్రమే. వాడికి పీడీ అంతే తేడా ఉన్నా ఒక్కో కంటికి పడేది 0.25 మాత్రమే. "నాకు బాగానే ఉంది కదా" అని స్నేహితులు చెప్పే మాట మనకు పనికిరాకపోవడం ఇందుకే.

పీడీ ఇంట్లోనే కొలవొచ్చు. ముఖం చూసుకునే అద్దానికి జానెడు దూరంలో నిలబడి, మిల్లీమీటర్ల స్కేలు కనుబొమల మీద ఆనించండి. కుడి కన్ను మూసి, ఎడమ కంటిపాప నడిమధ్యకు సున్నాను సరిచేయండి. స్కేలు, తల కదలకుండా ఎడమ కన్ను మూసి, కుడి కన్ను తెరిచి, ఆ పాప మధ్యకు ఎంత వచ్చిందో చూడండి. మూడుసార్లు కొలిచి మూడూ దగ్గర దగ్గరగా వస్తేనే నమ్మండి. పవర్ నాలుగు దాటినవాళ్ళు మాత్రం షాపులో మెషీన్ మీద కొలిపించుకోవడమే మేలు.

"అంచులు సోడాబుడ్డిలా ఉన్నాయి"

షాపులో దీనికి చెప్పే మందు ఒకటే: ఖరీదైన పల్చటి అద్దం. అసలు కారణం చాలాసార్లు ఫ్రేము సైజు. కాడ లోపలివైపు 52, 18, 140 లాంటి అంకెలుంటాయి చూడండి: అద్దం వెడల్పు, ముక్కు దగ్గరి వంతెన, కాడ పొడవు, అన్నీ మిల్లీమీటర్లలో. మొదటి రెండూ కలిపితే 70. మీ పీడీ 60 అయితే ఒక్కో అద్దం కేంద్రాన్ని 5 మిల్లీమీటర్లు లోపలికి జరపాలి. మైనస్ అద్దం నడుమ పల్చగా, అంచు మందంగా ఉంటుంది కాబట్టి బయటి అంచు బాగా లావెక్కిపోతుంది. ఆ కూడిక పీడీకి దగ్గరగా ఉండే చిన్న ఫ్రేము, అందులోనూ గుండ్రటిది తీసుకుంటే అద్దం మీద వేలు ఖర్చు పెట్టకుండానే సగం సమస్య తీరుతుంది.

అద్దం విషయానికొస్తే, రెండు మూడు పవర్ వరకు మామూలు 1.50 ఇండెక్స్ గానీ 1.56 గానీ చాలు (ఈ అంకె పెరిగేకొద్దీ అద్దం పల్చబడుతుంది). నాలుగు దాటితే 1.60. ఎనిమిదీ తొమ్మిదీ ఉన్నవాళ్ళు తప్ప 1.74 జోలికి పోనక్కర్లేదని నా అభిప్రాయం. పిల్లలకైతే దెబ్బ తగిలినా సులువుగా పగలని పాలీకార్బొనేట్. ఎక్కువ పవర్లో దాని అంచుల్లోంచి చూస్తే కొందరికి అక్షరాల పక్కన రంగుల గీత కనబడుతుంది. అది పాలీకార్బొనేట్ గుణమే, మీ జోడులో లోపం కాదు.

స్క్రీన్ల నీలి కాంతిని తగ్గించే బ్లూ కట్ కోసం అదనంగా అడుగుతారు. కంప్యూటర్ ముందు కళ్ళ అలసటకి దానివల్ల కొద్దికాలంలో లాభం ఉండకపోవచ్చని 2023లో, వైద్య పరిశోధనలన్నీ కలిపి చూసే కోక్రేన్ సంస్థ సమీక్ష తేల్చింది. ఆ డబ్బు మంచి యాంటీ రిఫ్లెక్షన్ కోటింగ్‌కి పెట్టండి. రాత్రి ఔటర్ రింగ్ రోడ్డులో ఎదురొచ్చే హెడ్‌లైట్లు అద్దంలో మెరిసి కంట్లో కొట్టే బాధ దానితో తగ్గుతుంది.

"ముక్కు మీద నుంచి జారిపోతోంది"

జోడు తెరిచి, కాడలు కిందికి వచ్చేలా బల్ల మీద పెట్టండి. ఒక కాడ గాల్లో లేస్తే ఫ్రేము మెలిపడింది. మన ఊళ్ళో దీనికి పెద్ద కారణం హెల్మెట్. జోడు పెట్టుకునే హెల్మెట్ దించడం, తీసేటప్పుడు రెండూ కలిపి లాగేయడం. ఆర్నెల్లలో కాడలు బార్లా తెరుచుకుంటాయి. ముందు హెల్మెట్, తర్వాత జోడు. తీసేటప్పుడు ముందు జోడు.

జారే జోడుకి ముక్కు దగ్గర నొక్కడం కంటే చెవి వెనక వంపు సరిచేయడమే అసలు పని. షాపులో వేడి గాలి మీద పెట్టి వంచుతారు, చాలామంది డబ్బులు కూడా తీసుకోరు. లైటర్ మంట మీద ఇంట్లో ప్రయోగాలు వద్దు.

"కొన్న మూడు నెలలకే అద్దం మసకబారింది"

ట్యూబ్‌లైటు కింద అద్దాన్ని వాలుగా పట్టుకుని చూడండి. కనబడేది మూడు రకాలు.

సన్నటి గీతలైతే అది తుడుపు దోషం. పొడి అద్దాన్ని చొక్కాతోనో చున్నీతోనో రుద్దితే దాని మీదున్న దుమ్మే గరుకు కాగితంలా పనిచేస్తుంది. ముందు కుళాయి కింద పట్టాలి. దుమ్ము పోయాక గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క వేళ్ళతో రాయాలి, ముక్కు ప్యాడ్ల సందులు, అంచులు కూడా. మళ్ళీ కడిగి, ఉతికిన మెత్తటి నూలు గుడ్డతో అద్దాలి. రుద్దకూడదు. పడ్డ గీతలు పోవు. టూత్‌పేస్టుతో పోతాయన్న వీడియో చూసి నేనూ ఒక జోడు మీద రాశాను. గీతలు అలాగే ఉన్నాయి, వాటి చుట్టూ ఉన్న కోటింగ్ మాత్రం పోయింది.

తెల్లటి చుక్కలైతే అది బోరు నీళ్ళ పని. బకెట్ అంచున పొర కట్టే ఉప్పే అద్దం మీదా ఆరిపోతుంది. చివరిసారి ఆర్‌వో నీళ్ళతో తొలిపి, ఆరకముందే తుడిచేయండి.

సాలెగూడులా సన్నటి పగుళ్ళు కనబడితే వేడి తగిలింది. ఎండలో ఆపిన కారు డ్యాష్‌బోర్డు మీద పెట్టి ఉంటారు, లేదా ఇడ్లీ పాత్ర మూత తీస్తూ ఆవిరి మీద వంగి ఉంటారు. వేడికి ప్లాస్టిక్ అద్దం సాగినంత దాని మీది పొర సాగదు, పగులుతుంది. దీనికి రిపేరు లేదు, అద్దాలు మార్చడమే. ఫ్రేము బాగుంటే అదే ఉంచుకోండి.

చిల్లర బాధలు

ముక్కు ప్యాడ్ల దగ్గర పచ్చటి చిలుము: ఫ్రేము లోహంలోని రాగి చెమటకి తేలింది. ప్యాడ్లు మార్పించి, రోజూ అక్కడ కడగండి. స్క్రూ మాటిమాటికీ వదులైతే బిగించి, దాని తల మీద రంగులేని నెయిల్ పాలిష్ చుక్క వేయండి. నెయిల్ పాలిష్ రిమూవర్ మాత్రం అద్దం దరిదాపులకు రానివ్వొద్దు.

"పవరే ఊరికే మారిపోతోంది"

ఇక్కడ మాత్రం చవక జోళ్ళు ఒకదాని తర్వాత ఒకటి కొంటూ పోవద్దు. షుగర్ ఎక్కువ తక్కువలవుతుంటే పవర్ కూడా ఊగుతుంది. అది కుదుటపడ్డాకే కొలిపించుకోవాలి. పెద్దవాళ్ళలో శుక్లాలు కావచ్చు. ఉన్నట్టుండి మెరుపులు, తెర కప్పినట్టు చూపు తగ్గడం కనిపిస్తే అదే రోజు కంటి డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. బెంగళూరులో తక్కువ ఖర్చుకి 1896లో మొదలైన ప్రభుత్వ మింటో కంటి ఆసుపత్రి ఉంది. చీటీ అక్కడ రాయించుకుని జోడు మీకు నచ్చిన చోట కొనుక్కోవచ్చు. బిల్లులో అద్దం రకం, కోటింగ్ విడిగా రాయించుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి పవర్ అద్దాలకీ ఫ్రేములకీ జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది, అది కూడా చూసుకోండి.

చత్వారం జోడు: "మెట్లు దిగలేకపోతున్నా"

రెండు కళ్ళకూ ఒకే పవర్, సిలిండర్ లేదు, చదవడానికి మాత్రమే కావాలంటే ఫుట్‌పాత్ మీద దొరికే రెడీమేడ్ జోడు చాలు. కన్ను పాడేమీ కాదు. ప్రోగ్రెసివ్ అద్దాలు (దూరం చూపు, దగ్గరి చూపు రెండూ ఒకే అద్దంలో ఉండేవి) మాత్రం నేను ఆన్‌లైన్లో కొనమని ఎవరికీ చెప్పను. పీడీతో పాటు, ఫ్రేము పెట్టుకున్నాక పాప ఎంత ఎత్తులో ఉందో కూడా కొలవాలి. మా అమ్మకి ఆ కొలత లేకుండానే తెప్పించాను. మెజెస్టిక్ మెట్రోలో రెండో మెట్టు మీదే రెయిలింగ్ పట్టుకుని ఆగిపోయింది. "నాయనా, కింద అంతా నీళ్ళు పారినట్టుంది" అంది. ప్రోగ్రెసివ్‌లో కింది భాగం దగ్గరి చూపుకి, మెట్లు చూడాలంటే గడ్డం దించి పై భాగంలోంచి చూడాలి. అమ్మ అలా చేసినా కుదరలేదు, కొలతే తప్పు మరి. చివరికి ఇంటి దగ్గరి షాపులో కొత్త ఫ్రేము పెట్టించి, నిటారుగా నిలబెట్టి, ఫ్రేములో ఉండే పవర్ లేని డెమో అద్దం మీద మార్కర్‌తో ఒక్కో పాపకి ఒక చుక్క పెట్టి కొలిచారు. ఇప్పుడు ఆ జోడుతో మెట్లు దిగుతోంది. పాతది పప్పులో రాళ్ళు ఏరడానికి వాడుతోంది.