గోల్కొండలో తానీషా కథ ఎలా చెప్పాలి

హైదరాబాదుకు చుట్టాలు వచ్చినప్పుడు వారిని గోల్కొండకు తీసుకువెళ్లడం మన ఇళ్లలో ఆనవాయితీ. మెట్లెక్కడం మొదలుపెట్టక ముందే ఎవరో ఒకరు రామదాసు చెర ఎక్కడుందని అడుగుతారు. దాన్ని చూసి బయటికి వచ్చాక, కొంచెం గొంతు తగ్గించి, ఆ తానీషా చివరికి ఏమయ్యాడని అడుగుతారు. మొదటి ప్రశ్నకు వేలెత్తి చూపిస్తే సరిపోతుంది. రెండో ప్రశ్నకు జవాబులో ఒక రాజ్య పతనం, ఇద్దరు మంత్రుల హత్య, ఒక భక్తుడి వేదన, పరాయి కోటలో బందీగా గడిచిన ముసలితనం ఒకదానిలో ఒకటి పెనవేసుకుని ఉంటాయి. ఎన్నో ఏళ్లుగా బంధువులకు, మా వీధి పిల్లలకు ఈ కథ చెబుతూ, తప్పులు దిద్దుకుంటూ నేను అలవరచుకున్న పద్ధతిని ఇక్కడ వివరిస్తాను.

బయలుదేరే ముందు కథకు ఆధారమైన సంవత్సరాలను ఒక కాగితం మీద రాసుకోండి. అబుల్ హసన్ కుతుబ్ షా గోల్కొండను ఏలిన కుతుబ్ షాహీ వంశంలో ఎనిమిదవవాడు, చివరివాడు. 1672లో మామగారైన అబ్దుల్లా కుతుబ్ షా మరణించగా పట్టానికి వచ్చాడు. అంతకుముందు షా రాజు అనే సూఫీ గురువు దగ్గర ఫకీరులా బతికినవాడు. తానా షా అనే పేరు ఆ గురువు ముద్దుగా పెట్టిందేనని చెబుతారు, మన తెలుగువాళ్ల నోట అది తానీషా అయింది. 1677లో శివాజీ హైదరాబాదుకు వచ్చి ఆయనతో ఒప్పందం చేసుకున్నాడు. 1685లో మొగలు సైన్యం నగరంలోకి ప్రవేశించినప్పుడు రాజు కోటలోకి తరలిపోయాడు. 1686లో ఆయన మంత్రులు అక్కన్న, మాదన్నలు హత్యకు గురయ్యారు. 1687 సెప్టెంబరులో కోట ఔరంగజేబు వశమైంది. ఆ తర్వాత రాజును దౌలతాబాదు కోటలో బంధించారు, 1699 ప్రాంతంలో అక్కడే ఆయన కన్నుమూశాడు. కథ ఎటు పోయినా మిమ్మల్ని దారిలో పెట్టేవి ఈ సంవత్సరాలే.

రెండవ సన్నాహం మాటలకు సంబంధించినది, నా దృష్టిలో ఇదే అన్నిటికన్నా ముఖ్యం. విన్న సంగతిని చూసిన సంగతి నుంచి వేరు చేయడానికి తెలుగులో 'అట' అనే చిన్న మాట ఉంది. మా అమ్మమ్మ ఏ కథ చెప్పినా దాన్ని వదిలేది కాదు. తానీషా కథ చెప్పేటప్పుడు మీరు కూడా దాన్ని వదలకండి. కోట పడిపోయింది అని చెప్పండి, ఎందుకంటే అది జరిగింది. రాజు శత్రువులను భోజనానికి పిలిచాడని ఖాఫీ ఖాన్ రాశాడు అని చెప్పండి, ఎందుకంటే ఆ మాటకు పూచీ ఆ చరిత్రకారుడిదే. రాముడు తానీషాకు కనిపించాడట అని చెప్పండి, ఎందుకంటే అది తరతరాల నమ్మకం. ఈ మూడింటినీ ఒకే క్రియతో చెప్పిన రోజున వినేవాళ్లు మూడింటినీ నమ్ముతారు, లేదా మూడింటినీ కొట్టిపారేస్తారు. ఒకసారి నేను తొందరలో అలాగే చెప్పేశాను. పదేళ్ల పిల్లవాడొకడు, రాముడు డబ్బు కట్టిన రశీదు ఏ మ్యూజియంలో ఉందని ఎంతో శ్రద్ధగా అడిగాడు. ఆ పిల్లవాడిది తప్పు కాదు, తప్పు నా వాక్యంలో ఉంది.

కథను కోటలో కాకుండా, దానికి కాస్త దూరంలో ఉన్న కుతుబ్ షాహీ సమాధుల దగ్గర మొదలుపెట్టమని నా సలహా. మెహదీపట్నం వైపు నుంచి వచ్చేవారు ముందుగా కోటకే వెళ్లాలనుకుంటారు, వారిని కొంచెం బతిమాలి ఇటు తీసుకురండి. గుమ్మటాల మధ్య నడుస్తూ రాజులను లెక్కపెట్టించండి. వంశస్థాపకుడు సుల్తాన్ కులీ ఇక్కడున్నాడు. హైదరాబాదును కట్టించిన మహమ్మద్ కులీ ఇక్కడున్నాడు. కొన్ని నెలలు మాత్రమే పేరుకు రాజుగా ఉన్న బాలుడు సుభాన్‌కు కూడా ఇక్కడ చోటు దక్కింది. తారామతి, ప్రేమామతులకు సైతం సమాధులున్నాయి. ఎనిమిది మంది రాజుల్లో ఏడుగురు కనిపిస్తారు, ఎనిమిదవవాడు కనిపించడు. ఆయనను దౌలతాబాదుకు దగ్గరలోని ఖుల్దాబాదులో ఖననం చేశారని అప్పుడు చెప్పండి. ఆయన రాజ్యాన్ని లాక్కున్న ఔరంగజేబు సమాధి కూడా ఆ ఊళ్లోనే ఉందని చెప్పి, కాసేపు ఏమీ మాట్లాడకుండా ఉండండి. విషాదాన్ని మీరు వర్ణించనక్కర లేదు, లెక్క తేలకపోవడమే దాన్ని వాళ్లకు చేరవేస్తుంది.

అక్కడి నుంచి కోటకు వెళ్లండి. లోపలి ద్వారం దగ్గర గుమ్మటం కింద పిల్లలను తనివితీరా చప్పట్లు కొట్టనివ్వండి, ఆ సరదా తీరకుండా మీరు ఏ కథ చెప్పినా ఎవరూ వినరు. ఫతే దర్వాజా అన్న పేరులోని ఫతే, అంటే విజయం, కుతుబ్ షాహీలది కాదనీ, మొగలులదనీ గుర్తు చేసి ముట్టడి కథలోకి దిగండి. దాదాపు ఎనిమిది నెలలు సాగిన ఆ ముట్టడిలో మొగలులు తవ్విన మందుపాతరలు వారి మీదే పేలాయి, వానలు శిబిరాలను ముంచెత్తాయి, తిండిలేక, రోగాలతో సైనికులు రాలిపోయారు. ఔరంగజేబు కొలువులోనే ఉన్న నిమత్ ఖాన్ ఆలీ ఆ ముట్టడి మీద వెక్కిరింపుగా ఒక రచన చేశాడంటే, సొంత మనుషులకే అది ఎంత విసుగు పుట్టించిందో అర్థమవుతుంది. చివరికి కోటను పడగొట్టింది ఫిరంగులు కాదు. లంచం పుచ్చుకున్న అబ్దుల్లా ఖాన్ పన్నీ అనే సర్దారు ఒక రాత్రి ద్వారం తెరిచాడు. అబ్దుర్ రజాక్ లారీ అనే మరో సర్దారు ఒంటి నిండా గాయాలయ్యే దాకా పోరాడాడు. ఆ ఇద్దరి పేర్లనూ పక్కపక్కనే చెప్పండి.

రాజును పట్టుకోవడానికి వచ్చిన మొగలు అధికారులు ఆయనను కంగారు లేకుండా కూర్చుని ఉండగా చూశారనీ, భోజనం తెప్పించుకుని వారిని కూడా తినమన్నాడనీ, ఈ సమయంలో ఆకలి ఎలా వేస్తుందని వారు ఆశ్చర్యపడితే సుఖమైనా దుఃఖమైనా ఇచ్చేది దేవుడేనన్న అర్థం వచ్చేలా జవాబిచ్చాడనీ ఖాఫీ ఖాన్ రాశాడు. ఆయన ఆ చరిత్రను రాసింది కోట పడిన కొన్ని దశాబ్దాల తర్వాతనన్న సంగతి కూడా తప్పక చెప్పండి. అయినా ఈ ఘట్టాన్ని మాత్రం వదలకండి. ఓడించినవారి పక్షాన రాసిన పుస్తకం ఓడినవాడి నిబ్బరాన్ని మెచ్చుకోవడం అరుదు. ఒకప్పుడు ఫకీరుగా బతికిన మనిషి తిరిగి ఆ తీరుకే చేరుకున్నట్టు నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

ఇప్పుడు రామదాసు చెర దగ్గరికి తీసుకువెళ్లండి. ఇక్కడ గొంతు మార్చాలి, ఎందుకంటే మీ వెంట ఉన్నవారిలో చాలామందికి ఇది గుడితో సమానం. పాల్వంచ తహసీల్దారు కంచెర్ల గోపన్న భద్రాచలంలో ఆలయం కట్టించి, ఖజానా సొమ్ము వాడాడన్న నేరం మీద పన్నెండేళ్లు ఇక్కడ బందీగా ఉన్నాడట. రామోజీ, లక్ష్మోజీ అనే పేర్లతో రామలక్ష్మణులు ఒక రాత్రి తానీషా దగ్గరికి వచ్చి ఆరు లక్షలు చెల్లించారట. జీవితమంతా పిలిచిన రామదాసుకు కాక, చెరలో పెట్టిన రాజుకు దర్శనం దొరికిందట. తెలుగువాళ్లు తానీషాను మరిచిపోకపోవడానికి ముఖ్య కారణం ఈ చివరి వాక్యమే. బాధపెట్టినవాడు అని నిందించాలంటే రాముడిని చూసినవాడు అన్న మాట అడ్డం వస్తుంది.

ఇక్కడే ఒక చిక్కు ఎదురవుతుంది, దీనికి ముందే సిద్ధంగా ఉండండి. రామదాసు పన్నెండేళ్ల చెర గురించి విన్న శ్రోతల్లో ఎవరో ఒకరు, 1687 నుంచి 1699 దాకా ఎన్నేళ్లో లెక్కవేసి, అదీ పన్నెండేళ్లేనని గుర్తించి, చేసిన పాపం అనుభవించాడని అంటారు. ఆ మాట అనగానే అందరి తలలూ ఊగుతాయి, కథ తీర్పుగా మారిపోతుంది. ఆ అన్నవారిని నొప్పించకుండా రెండు విషయాలు చెప్పండి. మొదటిది, ఒక పన్నెండు సంప్రదాయం చెప్పిన సంఖ్య, రెండవ పన్నెండు చరిత్రలోని సంవత్సరాల మధ్య తేడా. రెండవది, తానీషా ఏలిందే పదిహేనేళ్లు. ఆ పదిహేనులో పన్నెండు గోపన్న చెరలోనే గడిస్తే, అందులో ఎక్కువ కాలం రాజ్యం నడిపింది ప్రధాని మాదన్న. అక్కన్న, మాదన్నలు గోపన్నకు మేనమామలని సంప్రదాయమే చెబుతోంది. మరి మేనమామ అధికారంలో ఉండగా మేనల్లుడు చెరలో ఎందుకు మగ్గాడు? ఈ ప్రశ్న వేశాక వినేవారికి కొంత ఆలోచించే సమయం ఇవ్వండి. నిందను ఒక్కరి నెత్తిన పెట్టడం ఎంత కష్టమో వారికే తెలుస్తుంది.

వీలుంటే మరో రోజు వారిని పాతబస్తీలో శాలిబండ దగ్గర హరిబౌలిలోని అక్కన్న మాదన్న మహంకాళి ఆలయానికి తీసుకువెళ్లండి. బోనాల సమయంలో అయితే ఇంకా మంచిది, అక్కడి నుంచి ఏనుగు మీద సాగే ఊరేగింపును చూడటానికి వచ్చేవారిలో ఆ పేర్లు ఎవరివో తెలియనివారు కూడా ఉంటారు. కుట్రదారులు ఆ సోదరులను వీధిలో నరికి చంపారనీ, మాదన్న తలను మొగలుల దగ్గరికి పంపారనీ, అయినా రాజ్యం దక్కలేదనీ ఇక్కడ చెప్పండి. మాదన్నను మాత్రం మచ్చలేని మహానుభావుడిగా నిలబెట్టకండి. ఆయన పాలన మీద డచ్చి వర్తకుల రాతల్లో ఫిర్యాదులున్నాయి. ఆ వర్తకులకు తమ లాభాలు ఉన్నాయన్నది ఎంత నిజమో, పన్నుల బరువు మోసినవారి రాతలు మనకు మిగలలేదన్నదీ అంతే నిజం.

ఉర్దూ, హిందీ తెలిసినవారు మీ వెంట ఉంటే, నియంతృత్వాన్ని తానాషాహీ అని ఎందుకంటారని తప్పక అడుగుతారు. ఆ మాట ఈ రాజు పేరు నుంచే పుట్టిందని చాలామంది చెబుతారు. నిజమే అయితే ఇది ఆయనకు జరిగిన పెద్ద అన్యాయమని నేను మనస్ఫూర్తిగా నమ్ముతున్నాను. కూచిపూడి భాగవతుల ప్రదర్శన చూసి మురిసిపోయి ఆ ఊరిని వారికి అగ్రహారంగా ఇచ్చాడని కృష్ణా తీరంలో చెప్పుకునేది కూడా ఈ రాజు గురించే. అక్కడొక దాత, ఢిల్లీ మాటలో ఒక నియంత, భద్రాచలంలో రామదర్శనం పొందిన ధన్యుడు. ఇందులో ఏది అసలు తానీషా అని తేల్చే బాధ్యత నెత్తిన వేసుకోకండి. ఎవరు, ఎక్కడ నిలబడి ఆయనను చూశారో చెబితే చాలు.

తిరుగు ప్రయాణంలో, అలసిపోయిన పిల్లలు బస్సులో తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. రాముడు నిజంగానే ఆయనకు కనిపించాడా? నేను చూడలేదు, చూశామన్నవారిని కలవలేదు, మా పెద్దలు అలా చెప్పారు అని జవాబివ్వండి. ఆ వెంటనే మీ కళ్లతో చూడగలిగినది చెప్పండి. ఏటా శ్రీరామనవమికి భద్రాచలంలో సీతారాముల కల్యాణానికి ప్రభుత్వం తరఫున పట్టువస్త్రాలు, ముత్యాల తలంబ్రాలు అందుతాయి, ఆ ఆచారం తానీషాతో మొదలైందని చెబుతారు. వచ్చే నవమికి టీవీలో కల్యాణం చూసేటప్పుడు ఆ ముత్యాలు వచ్చే ఘడియ కోసం కనిపెట్టుకుని ఉండమని వారికి చెప్పండి.