జీపులో పాట ఎక్కడ పాడవుతోంది: లక్షణం, కారణం, మరమ్మతు

మొదటిసారి నా జీపులో కంపెనీ స్పీకర్లు తీసి కొత్తవి బిగించినప్పుడు పాట మునుపటికంటే పేలవంగా వినిపించింది. డబ్బు పోసి కొన్న వస్తువు మీద మనకు అంత తొందరగా అనుమానం రాదు. పాటల ఫైళ్లను అనుమానించాను, ఫోనును అనుమానించాను, చివరికి నా చెవులనూ అనుమానించాను. నాలుగో రోజున అసలు సంగతి బయటపడింది. ఎడమ తలుపు స్పీకరుకు వైర్లు తారుమారుగా తగిలించింది నేనే. ఆ తర్వాత స్నేహితుల బండ్లలో నేను చూసినవి కూడా ఎక్కువగా ఇలాంటివే. స్పీకరు చెడిపోయిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. వైరు, ఎర్తు, తలుపు రేకులోని కన్నాలు, నీళ్లు, కుదుపులు: తప్పు చాలావరకు వీటిలోనే ఉంటుంది.

కొండదారులకూ బురదకూ చేసిన బండిని మామూలు కారుతో పోల్చకూడదు. 2020లో వచ్చిన మహీంద్రా థార్‌లో స్పీకర్లను పైకప్పుకు బిగించారు. నేలను కడిగితే నీళ్లు పోవడానికి బిరడాలూ ఇచ్చారు. జీప్ రాంగ్లర్‌లో తల మీద అడ్డంగా ఉండే బారులో స్పీకర్లు ఉంటాయి. తలుపులు, పైకప్పు ఊడదీయగలిగే బండిలో స్పీకరుకు స్థిరమైన చోటు దొరకడం కష్టం. కాబట్టి కారు కోసం రాసిన సలహాలు ఇక్కడ సగమే పనిచేస్తాయి.

పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ నెగెటివ్ తీసేయండి. డ్యాష్‌బోర్డు లోపల, సీటు కింద పసుపు రంగు తొడుగు ఉన్న వైర్లు కనిపిస్తే అవి ఎయిర్‌బ్యాగువి. వాటి జోలికి వెళ్లవద్దు, మల్టీమీటరుతో కూడా తాకవద్దు.

స్పీకర్లు కొత్తవి, బాస్ మాత్రం మాయం

ముందు బ్యాలెన్స్‌ను పూర్తిగా ఎడమకు తిప్పి వినండి, తర్వాత పూర్తిగా కుడికి. ఒక్కో వైపు విన్నప్పుడు బాస్ నిండుగా ఉండి, మధ్యకు తేగానే పలచబడితే ఒక స్పీకరు తిరగబడి ఉందని అర్థం. ఒకటి గాలిని ముందుకు నెడుతుంటే రెండోది వెనక్కి లాగుతోంది; రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటున్నాయి.

తేల్చుకోవడానికి గోడ గడియారంలో వేసే 1.5 వోల్టుల సెల్ ఒకటి చాలు. స్పీకరు కప్లర్ (వైర్లు కలిసే ప్లగ్గు) ఊడదీసి, సెల్ పాజిటివ్‌ను స్పీకరు పాజిటివ్‌కు, నెగెటివ్‌ను నెగెటివ్‌కు ఒక్క క్షణం తాకించండి. కోన్ (స్పీకరు మధ్య అదిరే పొర) బయటికి రావాలి. లోపలికి పోయిందంటే గుర్తులు తారుమారయ్యాయి. కప్లర్ ఊడదీయకుండా ఈ పరీక్ష చేస్తే ఆ కరెంటు స్టీరియోలోకి పోతుంది, జాగ్రత్త.

వైర్లు సరిగానే ఉన్నాయా? అయితే డోర్ ప్యాడ్ విప్పండి. లోపలి రేకులో చెయ్యి పట్టేంత కన్నాలు రెండు మూడు ఉంటాయి. స్పీకరు వెనక నుంచి వచ్చే ధ్వని ఆ కన్నాల గుండా ముందుకొచ్చి, ముందు వైపు ధ్వనిని చంపేస్తుంది. చంపేది ముఖ్యంగా బాస్‌నే. కన్నాలకు పలచటి అల్యూమినియం రేకు అడ్డం పెట్టి, పైన 2 మిల్లీమీటర్ల బ్యూటిల్ షీటు (జిగట రబ్బరు పట్టీ) అంటించి రోలరుతో గట్టిగా అదమండి. స్పీకరు చుట్టూ, ప్యాడుకు ఆనుకునేలా, ఫోమ్ రింగు పెట్టండి. ఈ పనికయ్యే ఖర్చు స్పీకర్ల ధరలో చిన్న భాగమే. వచ్చే తేడా మాత్రం స్పీకర్లు మార్చినప్పుడు వచ్చే తేడా కంటే పెద్దదని నా నమ్మకం.

ఇక్కడే రెండు తప్పులు జరుగుతుంటాయి. తలుపు అడుగున ఉండే నీటి కన్నాలను కూడా ఉత్సాహంగా మూసేస్తారు. వానాకాలం వచ్చేసరికి తలుపులో నీళ్లు నిలిచి రేకు తుప్పు పడుతుంది. రెండోది, కంపెనీ అంటించిన ప్లాస్టిక్ షీటును చింపి పారేయడం. అద్దం పక్కనుంచి దిగే నీటిని ఆపేది అదే. చిరిగితే కొత్తది కత్తిరించి అంటించండి.

స్పీకరు కింద పెట్టే రింగు సంగతీ చెప్పాలి. దుకాణంలో చవకగా ఇచ్చేది ఎండీఎఫ్ చెక్కతో చేసింది. తడి తగిలితే అది రొట్టెలా ఉబ్బి, మరలు వదులవుతాయి. గట్టి ప్లాస్టిక్ రింగే అడగండి. బిగించే ముందు అద్దం పూర్తిగా కిందికి దించి, అయస్కాంతానికి తగలడం లేదని చూసుకోండి.

ఇంకో కారణం స్పీకరు కరెంటుకు చూపే నిరోధం, అంటే ఓమ్‌లు. కంపెనీ స్పీకర్లు కొన్ని 2 ఓమ్‌లవి. వాటి స్థానంలో 4 ఓమ్‌లవి పెడితే అదే స్టీరియో నుంచి అందే పవరు దాదాపు సగానికి పడిపోతుంది. పాత స్పీకరును మల్టీమీటరుతో కొలిస్తే 4 ఓమ్‌లది సుమారు 3.2 నుంచి 3.8 వరకు, 2 ఓమ్‌లది రెండులోపు చూపిస్తుంది. కొనక ముందే కొలవండి.

ఊళ్లో బాగానే ఉంది, 80 వేగంలో ఏమీ వినపడదు

ఇది లోపం కాదు, లెక్క. గుడ్డ పైకప్పు, పెద్ద గళ్ల టైర్లు, నిలువు అద్దం కలిసి చేసే మోత ముఖ్యంగా మంద్ర స్థాయిలో ఉంటుంది. పాటలోని బాస్‌ను, పురుష గొంతును ముందు మింగేది అదే. దాని మీదికి వాల్యూమ్ పెంచితే మిగిలేది ట్వీటరు (సన్నని ధ్వనులిచ్చే చిన్న స్పీకరు) గోల.

ఎక్కువ వాట్ల స్పీకరు కొంటే సరిపోతుందని అందరం అనుకుంటాం. డబ్బా మీద రాసిన వాట్లు ఆ స్పీకరు తట్టుకోగలిగినవి మాత్రమే, అది ఇచ్చే శబ్దం కాదు. చూడాల్సింది సెన్సిటివిటీ అనే అంకె: కొద్ది పవరుకు స్పీకరు ఎంత శబ్దం ఇస్తుందో డెసిబెళ్లలో చెప్పేది. పవరును రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెళ్లే. చెవికి రెట్టింపు మోతగా తోచాలంటే దాదాపు 10 డెసిబెళ్లు, అంటే పది రెట్ల పవరు కావాలి. స్టీరియో మీద 50 వాట్లని రాసి ఉన్నా, నిలకడగా ఇచ్చేది ఒక్కో స్పీకరుకు 15 నుంచి 20 వాట్లే. 92 డెసిబెళ్ల స్పీకరుకు 18 వాట్లు ఇస్తే వచ్చే శబ్దం, 88 డెసిబెళ్ల స్పీకరు నుంచి రావాలంటే 45 వాట్లు పెట్టాలి. యాంప్లిఫయర్ (యాంప్, పవరు పెంచే పెట్టె) వద్దనుకునేవారికి ఈ 4 డెసిబెళ్లే దిక్కు.

అంకెను కొలిచిన పద్ధతి కూడా చూడండి. కొందరు 1 వాట్‌తో కొలుస్తారు, కొందరు 2.83 వోల్టులతో. 4 ఓమ్‌ల స్పీకరుకు 2.83 వోల్టులంటే 2 వాట్లు. అంకె 3 డెసిబెళ్లు ఊరికే పెరిగి కనిపిస్తుంది.

తర్వాతి మెట్టు చిన్న నాలుగు చానళ్ల యాంప్లిఫయర్, దానితోపాటు బాస్ కోసమే చేసిన, సీటు కింద పట్టే సబ్‌వూఫర్. తలుపు స్పీకర్లకు 80 హెర్ట్జ్ కింది ధ్వనిని ఆపేయండి. పైకప్పులోని చిన్న స్పీకర్లకైతే 120 దగ్గర. బాస్ కోసం కొట్టుకునే శ్రమ తప్పగానే అవే స్పీకర్లు ఇంకా గట్టిగా, తేటగా పాడతాయి. అయితే కొన్ని కంపెనీ స్టీరియోలు వాల్యూమ్ పెరిగేకొద్దీ బాస్‌ను తామే కోసేస్తాయి. తమ చిన్న స్పీకర్లు చిరగకుండా చేసుకున్న ఏర్పాటు అది. ఎంత మంచి యాంప్ పెట్టినా ఆ కోత అలాగే ఉంటే, దాన్ని సరిదిద్దే ప్రాసెసర్ ఉన్న యాంప్ తీసుకోవాలి.

యాక్సిలరేటరు తొక్కితే ఈల

ఇంజిన్ వేగంతోపాటు ఈల కూడా పైకి పోతుంటే అది బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటరు శబ్దం. ముందు యాంప్ నుంచి, స్టీరియో సిగ్నల్ తెచ్చే ఆర్‌సీఏ వైర్లు ఊడదీయండి. ఈల ఆగితే అది సిగ్నల్ వైపు నుంచి వస్తోంది. ఆగకపోతే యాంప్ ఎర్తునో పవరు వైరునో చూడాలి.

నా లెక్కన నేరస్థుడు ఎక్కువగా ఎర్తే. సీటు బోల్టుకు తగిలించిన ఎర్తు చూడటానికి గట్టిగానే ఉంటుంది, కానీ కింద పెయింటు ఉంటుంది. రేకు తెల్లగా మెరిసేదాకా గీకి, లగ్గు (వైరు చివరి లోహపు రింగు) బిగించి, పైన గ్రీజో పెయింటో పూయండి, లేకపోతే తుప్పు పడుతుంది. ఎర్తు వైరు అర మీటరు దాటకూడదు. లావు పవరు వైరుకు సమానంగా ఉండాలి. పవరు వైరు ఎడమ గడప కింద నుంచి వస్తే సిగ్నల్ వైరును కుడివైపు నుంచి తీసుకురండి. ఈలను అణచే ఫిల్టరు పెట్టడం ఆఖరి మాట. అది రోగాన్ని కప్పుతుందేగాని తగ్గించదు.

వాల్యూమ్ పెంచితే గరగర, లేదా యాంప్ ఆగిపోతుంది

యాంప్ మీది గెయిన్ మరను (స్టీరియో సిగ్నల్‌కు యాంప్‌ను సరిపెట్టేది) వాల్యూమ్ అనుకుని చివరికంటా తిప్పేశారేమో చూడండి. స్టీరియోను మూడొంతుల దాకా పెంచి, గెయిన్‌ను సున్నా నుంచి మెల్లగా తిప్పుతూ, గరగర మొదలైన చోటుకు కొంచెం ముందే ఆపాలి. ఇది ఇంజిన్ నడుస్తుండగా చేయండి.

అదీ సరిగానే ఉంటే వోల్టేజీ. 400 వాట్ల డి క్లాస్ యాంప్ 80 శాతం సామర్థ్యంతో పనిచేస్తే బ్యాటరీ నుంచి 500 వాట్లు, 13.8 వోల్టుల దగ్గర సుమారు 36 ఆంపియర్లు లాగుతుంది. 5 మీటర్ల రాగి వైరు 16 చదరపు మిల్లీమీటర్లదైతే దారిలో పోయేది 0.2 వోల్టు. 4 చదరపు మిల్లీమీటర్లదైతే 0.8 వోల్టు పోతుంది, వైరు వేడెక్కుతుంది. చవక కిట్లలో వచ్చేది చాలాసార్లు రాగి పూత పూసిన అల్యూమినియం. ఒక తీగను బ్లేడుతో గీకండి. లోపల తెల్లగా ఉంటే అదే. దాన్నే వాడాలనుకుంటే ఒక సైజు పెద్దది తీసుకోండి.

ఫ్యూజు బ్యాటరీకి 45 సెంటీమీటర్ల లోపే ఉండాలి. అది కాపాడేది యాంప్‌ను కాదు, వైరును. ఇంజిన్ గది గోడలోంచి వైరు దూర్చేచోట రబ్బరు గ్రోమెట్ లేకపోతే, గతుకుల మీద రేకు అంచు ఇన్సులేషన్‌ను కోస్తుంది. దగ్గరలో ఫ్యూజు లేని బండిలో అది నిప్పే.

గతుకు మీద ఆగి, మరో గతుకు మీద వస్తుంది

ఒక్క స్పీకరే అయితే, తలుపుకూ బండికీ మధ్య ఉండే రబ్బరు గొట్టంలో తెగిన వైరు కావచ్చు. పాట నడుస్తుండగా తలుపు తెరుస్తూ మూస్తూ వినండి. అన్నీ ఒకేసారి ఆగుతుంటే పవరు, ఎర్తు, రిమోట్ వైరు (యాంప్‌ను ఆన్ చేసే సన్న వైరు) ఈ మూడింటిలో ఒకటి వదులైంది.

టంకం వేస్తే గట్టిగా ఉంటుందని మన ఎలక్ట్రీషియన్లలో చాలామంది నమ్మకం. అదిరే బండిలో టంకం పాకినంత మేర తీగ బిరుసెక్కి, దాని అంచు దగ్గర విరుగుతుంది. సరైన పనిముట్టుతో నొక్కిన లగ్గు, దాని మీద వేడికి ముడుచుకునే గొట్టం, ప్రతి 20 సెంటీమీటర్లకు ఒక టై: ఇవి చాలు. యాంప్‌ను బిగించే బోల్టులకు నైలాన్ ఉన్న లాక్ నట్లు వాడండి.

వాగు దాటాక మూగబోయింది

మారేడుమిల్లి వైపు వాగుల్లోకి దిగేవారికి ఇది తెలిసిన కథే. యాంప్ సీటు కింద, నేల మీదే ఉంది. వెంటనే నెగెటివ్ తీసేయండి. ఆన్ చేసి చూడాలన్న ఆత్రం ఆపుకోండి. తడిసిన యాంప్‌ను చంపేది నీళ్లు కాదు, అందులో ఉండగా పారించిన కరెంటు. మూత విప్పి, బురద ఉంటే మంచినీటితో కడిగి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, రెండు రోజులు ఆరనివ్వండి.

మళ్లీ బిగించేటప్పుడు చోటు మార్చండి: డ్యాష్‌బోర్డు వెనక, లేదా వెనక చక్రం గుమ్మటం పైన. కప్లర్ల నోరు కిందికి ఉండాలి. వైరు కప్లర్‌లోకి వెళ్లేముందు ఒక వంపు తిరిగి పైకి రావాలి. అప్పుడు నీటి చుక్క వంపు దగ్గరే రాలిపోతుంది.

ఎల్‌ఈడీ బారు వెలిగిస్తే ఎఫ్ఎం పోతుంది

చవక ఎల్‌ఈడీ బారులోని డ్రైవర్ సర్క్యూటు రేడియో తరంగాలు వెదజల్లుతుంది. బారు ఆపగానే స్టేషను తిరిగొస్తే సందేహమే లేదు. బారు వైర్లు రెండింటినీ మెలివేసి, బారుకు దగ్గరగా ఫెరైట్ క్లిప్ (రేడియో గోలను అణచే రింగు) తగిలించండి, యాంటెన్నా వైరుకు దూరంగా మళ్లించండి. లొంగకపోతే బారే మార్చాలి. ఫోను చార్జరు, డ్యాష్‌క్యామ్ కూడా ఇదే పని చేస్తాయి. ఒక్కొక్కటే పీకి చూడండి.

స్టీరియో మార్చాక స్టీరింగ్ మీటలు పనిచేయడం లేదు

మీ మోడల్‌కు సరిపోయే క్యాన్‌బస్ అడాప్టరు కావాలి; మీటల సంకేతాలను కొత్త స్టీరియోకు అర్థమయ్యేలా మార్చేది అదే. రివర్స్ కెమెరాదీ అదే సంగతి. వైర్లు కోసి కలపనివ్వకండి. కప్లర్‌కు కప్లర్ పెట్టే హార్నెస్ కొంటే వారంటీ గొడవ వచ్చిన రోజున పాతది తిరిగి తగిలించుకోవచ్చు.

మూడు రోజులు ఆపితే బ్యాటరీ ఖాళీ

రాత్రి బండి ఆపి, తాళంచెవి తీసేసి, అరగంట తర్వాత యాంప్ మీద దీపం వెలుగుతోందేమో చూడండి. వెలుగుతుంటే రిమోట్ వైరును ఎవరో ఎప్పుడూ కరెంటు ఉండే వైరుకు కలిపారు. దాన్ని తాళం తిప్పితేనే కరెంటు వచ్చే ఏసీసీ ఫ్యూజుకు మార్చండి. దీపం లేకపోతే బ్యాటరీ నెగెటివ్‌కు, దాని వైరుకు మధ్య మల్టీమీటరును 10 ఆంపియర్ల దగ్గర పెట్టండి. మీటరు ఉండగా తాళం తిప్పవద్దు, మీటరులోని ఫ్యూజు ఎగిరిపోతుంది. బండి కంప్యూటర్లు నిద్రపోయాక 50 మిల్లీ ఆంపియర్ల లోపు చూపించాలి. ఎక్కువుంటే ముందు యాంప్ ఫ్యూజు తీసి చూడండి. అంకె పడిపోకపోతే మిగతా ఫ్యూజులు ఒక్కొక్కటే. నా బండిలో చివరికి దొరికింది యాంప్ కాదు, నేను మరిచిపోయిన పాత డ్యాష్‌క్యామ్.