మాల వేసుకునే ముందు: మూర్ఛ మాత్రలపై జాగ్రత్తలు

గత కార్తీకంలో మా వీధిలో మాల వేసుకున్న పందొమ్మిదేళ్ల కుర్రవాడికి తెల్లవారుజామున చెరువులో స్నానం చేస్తుండగా ఫిట్స్ వచ్చింది. పక్కనున్న స్వాములు జుట్టు పట్టి గట్టుకు లాగబట్టి బతికాడు. మూడేళ్లుగా ఒక్కసారి కూడా ఫిట్స్ రాలేదు కదా, దీక్షలో ఇంగ్లీషు మందులెందుకని పది రోజుల ముందే ఫెనిటాయిన్ అనే మూర్ఛ మాత్ర మానేశాడని తర్వాత తెలిసింది. ఆ మాత్రలు ఏళ్ల తరబడి మా మందుల దుకాణంలోనే కొనేవాడు. ఆ నెల రాలేదని గమనించి కూడా నేను కబురు చేయలేదు. ఈ ఏడాది మళ్లీ దీక్షల కాలం వస్తున్నది కనుక ఇది రాస్తున్నాను. అందరికీ తెలిసిన జాగ్రత్తలను వదిలేసి, మనుషులను ముంచుతుండగా నేను చూసిన ఒక్క తప్పు గురించే ముఖ్యంగా చెబుతాను: మాత్రను ఉన్నట్టుండి ఆపడం.

ఫెనిటాయిన్, కార్బమజెపిన్, ఆక్స్‌కార్బజెపిన్, లామోట్రిజిన్, లాకోసమైడ్ అనేవి నాడీకణాల పొరలోని సోడియం ద్వారాలను అడ్డుకునే మందులు. ఉప్పులో ఉండే ఈ సోడియం లోపలికి దూసుకువస్తేనే నాడీకణం విద్యుత్ సంకేతాన్ని పంపగలదు. ఒకసారి తెరుచుకున్న ద్వారం మళ్లీ సిద్ధమయ్యే లోపు కాసేపు పనిచేయకుండా ఉంటుంది, మందు ఆ సమయంలో దానిని అంటిపెట్టుకుని ఆ విరామాన్ని పొడిగిస్తుంది. అందువల్ల మామూలుగా పనిచేసే కణాలకంటే మూర్ఛలో ఎడతెరిపి లేకుండా సంకేతాలు పంపే కణాలకే ఎక్కువగా కళ్లెం పడుతుంది. అయితే ఆ ద్వారాన్ని పట్టి ఉంచేది ఈ పూట రక్తంలో ఉన్న మందే కాని, నిరుడు వేసుకున్న మందు కాదు. మూడేళ్ల ప్రశాంతత ఆ మాత్ర నిలబెట్టినది కావచ్చు. సాధారణంగా కనీసం రెండేళ్లు ఫిట్స్ లేకుండా గడిచాక, ఆపవచ్చో లేదో వైద్యుడే చూసి, ఆపదగినప్పుడు నెలల తరబడి కొద్దికొద్దిగా తగ్గిస్తారు. ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ ఒకదాని వెంట ఒకటి వచ్చి ప్రాణం మీదికి తెచ్చే ప్రమాదముంది.

ఆపినవారు తిరిగి మొదలుపెట్టేటప్పుడు చేసే తప్పు కూడా తక్కువది కాదు. లామోట్రిజిన్‌ను ఐదు రోజులకు మించి మానేసినవారు పాత డోసును నేరుగా అందుకోకూడదు. చర్మం పొక్కి ఊడిపోయే తీవ్రమైన దద్దురు రావచ్చు కనుక వైద్యుణ్ణి అడిగి మళ్లీ చిన్న డోసు నుంచి ఎక్కాలి. ఫెనిటాయిన్‌ విషయంలో, దానిని విరిచి బయటికి పంపే శక్తి కాలేయానికి ఒక హద్దు వరకే ఉంటుంది. ఆ హద్దు దగ్గర డోసు కొంచెం పెరిగినా రక్తంలో మందు చాలా పెరుగుతుంది. మానేసిన రోజులకు బదులుగా రెండేసి మాత్రలు వేసుకున్నవారు తూలుతారు, వారికి ఒకటి రెండుగా కనిపిస్తుంది, మాట ముద్దగా వస్తుంది. మాలలో ఉన్న మనిషి తాగాడని చుట్టుపక్కల వారు నిందించడం నేను కళ్లారా చూశాను.

ఉపవాసం చేయదలచినవారు మాత్రల వేళలను భిక్షకు, రాత్రి అల్పాహారానికి ఎలా జతపరచాలో ముందుగానే వైద్యునితో మాట్లాడుకోవాలి. రంజాన్ ఉపవాసాలకూ ఇదే వర్తిస్తుంది. ఉప్పు మానే నియమం పెట్టుకునేవారు కార్బమజెపిన్ లేదా ఆక్స్‌కార్బజెపిన్ వాడుతుంటే, ముఖ్యంగా పెద్దవారై బీపీకి నీరు పోయే మాత్రలు కూడా వేసుకుంటుంటే, ఆ నియమం వద్దు. ఈ మందులు రక్తంలో సోడియంను తగ్గించగలవు, బాగా తగ్గితే దానివల్లనే ఫిట్స్ వస్తాయి.

జాగరణ చేయకండి. నిద్రలేమి ఒక్కటే ఫిట్స్‌ను రప్పించగలదు. చెరువులో, కోనేటిలో, పంబలో ఒంటరిగా దిగకండి. మీకు మూర్ఛ ఉందని గురుస్వామికి చెప్పండి. యాత్రకు వారం రోజుల మాత్రలు అదనంగా తీసుకుని, సగం తోటి స్వామి దగ్గర ఉంచండి. నెమ్మదిగా కరిగే మాత్రను నమలకండి, పొడి చేయకండి. పిల్లలకిచ్చే ఫెనిటాయిన్ సిరప్‌ను ప్రతిసారీ బాగా కుదపండి. మందు అడుగుకు చేరితే మొదటి చెంచాలు చాలవు, చివరివి విషమవుతాయి. దగ్గుకో గొంతు నొప్పికో క్లారిత్రోమైసిన్, ఎరిత్రోమైసిన్ అడిగి కొనుక్కోకండి, అవి కార్బమజెపిన్‌ను రక్తంలో పెంచుతాయి. టీబీ మందులు మొదలైతే మూర్ఛ మందు పేరు అక్కడ చెప్పండి. మందు కొత్తగా మొదలైన రెండు నెలల లోపు ఒంటిపై దద్దురు, జ్వరం, నోట్లో పుండ్లు కనిపిస్తే మాల ఒరుసుకున్నదని సరిపెట్టుకోక, తర్వాతి మాత్ర వేళకు ముందే ఆసుపత్రికి వెళ్లండి. గర్భిణులు భయపడి మానేయకండి. ఎవరు చెప్పినా మాత్రను మీరుగా ఆపకండి. దీక్ష పేరుతో ఆపకండి, బాగుందని ఆపకండి, డబ్బు లేదని ఆపకండి, ప్రభుత్వ ఆసుపత్రిలో అడగండి. ఫిట్స్ ఐదు నిమిషాలు దాటినా, తెలివి రాకముందే రెండోసారి వచ్చినా 108కి ఫోన్ చేయండి. ఆసుపత్రిలో మందు పేరు చెప్పండి, ఆపి ఉంటే ఏ రోజు నుంచి ఆపారో దాచకుండా చెప్పండి.