నాన్నగారి ట్రంకు పెట్టె తెరిచే ముందు

1971 భారత్-పాక్ యుద్ధంలో పనిచేసిన నాన్న గురించి వెతకబోతున్నారా? ముందు ఇవి చూసుకోండి.

• ఏ కవరులో ఏముందో కదపకుండా, అదే వరసలో ఫోనుతో ఫొటోలు తీయండి. ఒకే కవరులోని ఉత్తరం, ఫొటో ఒకే చోటివి కావచ్చు.

• ఆల్బమ్‌కి అంటుకున్న ఫొటోలు పీకకండి. వెనక ఏం రాశారో చూడాలన్న ఆత్రంలో నేను లాగితే ఒక మూల చిరిగిపోయింది. ఇప్పటికీ బాధే.

• లామినేషన్ వద్దు.

• మెడల్స్ తోమకండి, చెక్కిన నంబరు, పేరు అరిగిపోతాయి. పూర్వీ స్టార్ తూర్పు రంగానిది, పశ్చిమీ స్టార్ పడమటి రంగానిది. సంగ్రామ్ మెడల్ ఒక్కటే ఉంటే మాత్రం ఫలానా చోట పోరాడారని తేల్చేయకండి.

• డిశ్చార్జి బుక్కులోని సర్వీసు నంబరు, యూనిట్ పేరు ఉన్నవి ఉన్నట్టు రాసుకోండి. సైనికుల సర్వీసు వివరాలు ఉంచే ఏ రికార్డ్స్ ఆఫీసుకి రాయాలో యూనిట్‌ని బట్టే తెలుస్తుంది: మద్రాస్ రెజిమెంట్‌కి తమిళనాడులోని వెల్లింగ్టన్, మద్రాస్ ఇంజనీర్ గ్రూపుకి బెంగళూరు, ఫిరంగి దళానికి నాసిక్.

• పెన్షన్ కాగితాలు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి.

• అమ్మ ఉంటే, పెట్టె ఆమె ముందే తెరవండి. ఫొటోలో ఉన్నదెవరో ఆమెకే తెలియొచ్చు. తొందరపెట్టకండి; యుద్ధం జరిగిన ఆ డిసెంబరు ఆమెకీ కష్టంగానే గడిచింది.