ముగ్దర్ చేతికెత్తుకునే ముందు

ముగ్దర్ అంటే సన్నని పిడి, లావు భాగం ఉండి, చేత్తో తిప్పుతూ వ్యాయామం చేసే బరువైన కట్టె. దాన్ని కొనేటప్పుడు చాలామంది బరువు దగ్గరే బోల్తా పడతారు. జిమ్‌లో 10 కిలోల డంబెల్‌తో కర్ల్స్ కొట్టే మనిషికి 8 కిలోల ముగ్దర్ తేలిగ్గా కనిపిస్తుంది, అదే ఆర్డర్ పెట్టేస్తాడు. కానీ డంబెల్ బరువంతా అరచేతి దగ్గరే ఉంటుంది. ముగ్దర్ బరువు పిడికి అడుగు, అడుగున్నర అవతల ఉంటుంది. ఆ దూరమే మణికట్టును, మోచేతిని, భుజాన్ని మెలిపెడుతుంది.

తిప్పడం మొదలుపెడితే లెక్క ఇంకా మారుతుంది. తల మీద నిలబెట్టిన ముగ్దర్‌ని ఎక్కడా పట్టి ఆపకుండా కిందికి వదిలేస్తే, అది అడుగుకు చేరేసరికి చేతి మీద పడే లాగుడు దాని బరువుకు దాదాపు 5 రెట్లు ఉంటుంది. అంటే 4 కిలోలది ఆ క్షణంలో 20 కిలోలై లాగుతుంది. భుజం ఎత్తు నుంచి వదిలినా 3 రెట్లు తప్పదు. అందుకే ఎంత బరువు ఎత్తగలరన్నది ఇక్కడ అసలు ప్రశ్న కాదు. ఊపందుకున్న బరువును మీరు అనుకున్న చోట ఆపగలరా, లేదా? నా దృష్టిలో జాగ్రత్తలన్నీ ఈ ఒక్క మాటలోనే ఉన్నాయి.

దీనికి సులువైన పరీక్ష ఉంది. మోచేతిని పక్కటెముకలకు ఆనించి, ముంజేతిని నేలకు సమాంతరంగా చాచి, ముగ్దర్‌ని నిటారుగా నిలబెట్టి పట్టుకోండి. అలాగే 30 సెకన్లు ఉండండి. కట్టె ముందుకో పక్కకో వాలిపోతున్నా, మణికట్టు వణుకుతున్నా ఆ బరువు మీకు ఇప్పుడే వద్దు. కొత్తవాళ్లలో వ్యాయామం అలవాటున్న మగవాళ్లకు 3 నుంచి 4 కిలోలు, ఆడవాళ్లకూ, చాన్నాళ్లుగా వ్యాయామం లేనివాళ్లకూ 2 కిలోలు చాలు. ఇందులో నామోషీ ఏమీ లేదు. 1904, 1932 ఒలింపిక్స్‌లో క్లబ్ స్వింగింగ్ (ఇలాంటి కట్టెలు తిప్పే ఆట) పోటీలే జరిగాయి, వాటిలో తిప్పినవి తేలికపాటి కట్టెలే. కాశీ అఖాడాల్లో (కుస్తీ సాధన చేసే చోట్లలో) నాగపంచమికి భారీ జోడీలు, అంటే చేతికొకటి చొప్పున జత ముగ్దర్లు, తిప్పే పహిల్వాన్లను వీడియోల్లో చూసి ఉత్సాహపడటం సహజమే. కానీ వాళ్ల వెనక ఏళ్ల తరబడి చేసిన సాధన ఉంది, దాన్ని మరిచిపోవద్దు.

బరువు సంగతి తేలాక మీ భుజాలను చూసుకోండి. గోడకు వీపు ఆనించి, మడమలు అరడుగు ముందుకు పెట్టి నిలబడండి. మోచేతులు వంచకుండా రెండు చేతులూ పైకెత్తండి. నడుము గోడను వదలకుండానే బొటనవేళ్లు గోడను తాకాలి. తాకకపోతే తల వెనక్కి తిప్పే వరసలు కొన్నాళ్లు పక్కన పెట్టండి. రోజూ కాసేపు కడ్డీకి వేలాడండి, ముగ్దర్‌ని కాళ్ల మధ్య లోలకంలా ఊపే వరస మాత్రం రెండు చేతులతో చేయండి. భుజం ఎప్పుడైనా జారినవాళ్లు, మెడ నరం నొక్కుకుని చెయ్యి తిమ్మిరెక్కేవాళ్లు, హెర్నియా ఉన్నవాళ్లు, బీపీ అదుపులో లేనివాళ్లు, గర్భిణులు డాక్టర్‌ని అడగకుండా దీని జోలికి వెళ్లొద్దు. షుగర్ ఉన్నవాళ్లకు ఫ్రోజెన్ షోల్డర్ (భుజం కీలు బిగుసుకుపోవడం) వచ్చే అవకాశం మిగతావాళ్ల కన్నా ఎక్కువ. చెయ్యి పైకి లేవడమే కష్టంగా ఉంటే, తిప్పితే వదులవుతుందిలే అనుకోకండి.

ఇక ముగ్దర్. చెక్కది అయితే పిడి, లావు భాగం కలిసే మెడ దగ్గర వేలితో తడిమి చూడండి. సన్నని పగులు ఉంటే కంటికి ముందు గోటికే తగులుతుంది. ఎండాకాలంలో చెక్క ఎండి బీటలు వారుతుంది, వానాకాలంలో తేమ పీల్చి ఉబ్బుతుంది. కాబట్టి కొన్నప్పుడు చూశాం కదా అని వదిలేయకూడదు. పిడి చివరి గుబ్బ గట్టిగా ఉండాలి, చెయ్యి జారినప్పుడు ఆఖరున అడ్డుపడేది అదే. గద అయితే గుండు కదులుతోందేమో చూడాలి. బరువులు మార్చుకునే ఇనుప రకంలో ప్రతిసారీ మర బిగించాకే మొదలుపెట్టాలి.

చోటు విషయంలో నేను అసలు రాజీపడను. హాల్లో వద్దు, ఫ్యాన్ కింద అసలే వద్దు. మేడ మీదో, పెరట్లోనో చెయ్యి చాపి ముగ్దర్ పట్టుకుని చుట్టూ తిరిగి చూసుకోండి. దానికి అవతల ఇంకో మూడు అడుగులు ఖాళీ ఉండాలి. ముందువైపు, వెనకవైపు మనిషి ఉండకూడదు. చెయ్యి జారితే కట్టె ఎక్కువగా ఎగిరేది ఆ రెండు దిక్కులకే. పిల్లలు చూస్తామని వస్తే గది లోపలి నుంచి కిటికీలోంచి చూడమనండి. వాన పడ్డ మేడ మీద, చెమట కారిన టైల్స్ మీద తిప్పొద్దు, చెప్పులేసుకునీ తిప్పొద్దు. ఉంగరాలు, కడియం తీసేయండి. తలకు కొబ్బరినూనె రాసుకున్న చేతులతో పిడి పట్టుకోకండి, సబ్బుతో కడుక్కుని తుడుచుకోండి. కోస్తా ఉక్కపోతలో నాలుగైదు తిప్పులకే అరచేయి తడిసిపోతుంది, పక్కనే పొడి తువ్వాలు ఉంచుకోండి. ఒకవేళ జారితే పోనివ్వండి, వంగి అందుకోబోతే కాలి మీద పడుతుంది.

తల వెనక్కి తిప్పే వరసను మొదట సగం నీళ్లు పోసిన బాటిల్‌తో చేయండి. బాటిల్ వీపు వెనక్కి దిగేటప్పుడు మోచెయ్యి పైకి చూస్తూ, చెవికి దగ్గరగా ఉండాలి. ఇక్కడే అందరూ తప్పు చేస్తారు. భుజం తిరగనిచోట పక్కటెముకలు ముందుకు పొంగుతాయి, నడుము విల్లులా వంగుతుంది. ఆ వంపులోనే ముగ్దర్ లాగుడు పడితే నడుము పట్టేస్తుంది. పిరుదులు బిగించి, కట్టెను ముందుకు లాగేటప్పుడు ఊపిరి వదలండి. పక్కనుంచి ఫోన్‌లో వీడియో తీసుకుంటే వంపు ఇట్టే తెలిసిపోతుంది. ప్రతి అయిదు తిప్పులకూ ఒకసారి, ఇందాక చెప్పిన నిటారు భంగిమలోకి తెచ్చి ఆపండి. ఆపలేకపోతే ఆ సెట్ అక్కడితో చాలు.

వారానికి రెండు మూడు రోజులు, మధ్యలో ఒక రోజు విరామం. బలం తక్కువున్న చేత్తో మొదలుపెట్టి, చేతికి పది చొప్పున మూడు సెట్లు. కండరాలు త్వరగా బలపడతాయి, వాటిని ఎముకకు పట్టే స్నాయువులకు చాలా సమయం పడుతుంది. రెండో వారంలో ఒంట్లో చురుకు వచ్చి, ఇంకా బరువు కావాలనిపిస్తుంది. ఆ వారమే జాగ్రత్త. ముందు పదిని ఇరవై చేయండి, ఆ తర్వాతే అరకిలో, కిలో పెంచండి. పొడవైన ముగ్దర్‌కు మారితే బరువు పెంచినట్టే లెక్క.

మర్నాడు భుజం చుట్టూ, ముంజేతుల్లో బరువుగా, సలుపుగా ఉంటే కంగారు లేదు. తిప్పేటప్పుడు సూదిలా గుచ్చినా, మోచేతి లోపలి ఎముక నొక్కితే నొప్పి పుట్టినా, రాత్రి ఆ పక్కకు తిరిగి పడుకోలేకపోయినా వెంటనే మానేయండి. ఒక వారం విశ్రాంతి ఇచ్చి, మళ్లీ బాటిల్‌తో మొదలుపెట్టండి. అప్పటికీ అదే చోట నొప్పి వస్తే, నూనె మర్దనాలతో నెలలు గడపకుండా ఫిజియోథెరపిస్ట్‌కు చూపించుకోండి. వెళ్లేటప్పుడు మీరు తీసుకున్న ఆ వీడియో కూడా చూపించండి.