కుటుంబ చరిత్ర సేకరణకు ఏడాది నిండిందా? సంక్రాంతికి ముందు ఇలా సరిచూసుకోండి

తాతముత్తాతల వివరాలు సేకరించడం మొదలుపెట్టి ఏడాది గడిచేసరికి దాదాపు ప్రతి ఇంట్లోనూ ఇవే పోగవుతాయి: కొట్టివేతలతో నిండిన నోటుపుస్తకం, ఫోనులో లెక్కలేనన్ని ఫోటోలు, పెద్దవాళ్ల మాటల రికార్డింగులు, దస్తావేజుల జిరాక్సులు. ఇంకా ఏదో దొరుకుతుందన్న ఆరాటం మాత్రం తగ్గదు. నా సలహా ఏమిటంటే, ధనుర్మాసం మొదలయ్యాక కొత్త వెతుకులాట పూర్తిగా ఆపండి. రెండు ఆదివారాలు కేటాయించి, చేతిలో ఉన్నదాన్నే మొదటినుంచి మళ్లీ చదవండి. గుంటూరు, విజయవాడ ప్రాంతపు కుటుంబాలకు ఇంతకంటే మంచి సమయం లేదు. సంక్రాంతికి ఎక్కడెక్కడి బంధువులూ ఊరికి వస్తారు. వాళ్లను అడగవలసినవి అప్పటికి మీ దగ్గర సిద్ధంగా ఉండాలి.

ముందు అన్నీ ఒకచోటికి

ఫోటోలు, రికార్డింగులు, కాగితాల నకళ్లు ఒకే ఫోల్డరులోకి చేర్చి, ప్రతిదానికీ సంవత్సరం, ఊరు, మనిషి పేరు, అది ఏ కాగితం అన్న వరుసలో పేరు పెట్టండి. ఒక ప్రతి పెన్‌డ్రైవులో వేసి వేరే ఊళ్లో ఉన్న బంధువుకు ఇవ్వండి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద సింగ్‌నగర్ ఇళ్లలోకి వచ్చినప్పుడు ఎన్ని కుటుంబాల కాగితాలు తడిసి పాడయ్యాయో విజయవాడ వాళ్లకు వేరే చెప్పనక్కరలేదు. అసలు దస్తావేజులు ఉన్న పెట్టె కింది గదిలో ఉంటే ఈరోజే పైకి చేర్చండి.

ప్రతి మాట పక్కనా ఒక గుర్తు

ఇప్పుడు మూడు రంగుల కలాలు తీసుకోండి. కాగితం మీద చూసినదానికి ఒక రంగు, ఎవరో చెప్పగా విన్నదానికి ఒక రంగు, మీరు ఊహించి రాసుకున్నదానికి ఇంకొకటి. విన్నదైతే ఎవరు చెప్పారో పక్కన రాయండి. ఈ పని విసుగ్గా ఉంటుంది, కానీ ఏడాది శ్రమకు విలువ కట్టేది ఇదే. గుర్తులు పెట్టకపోతే, ఈ సంవత్సరం మీరు ఊహించింది రెండేళ్లకు మీ పిల్లల నోట నిజమై కూర్చుంటుంది.

గొప్ప కథలను లెక్కతో పరీక్షించండి. అమరావతి ప్రభువు వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు కొలువులో తమ పూర్వీకులు ఉన్నారని చెప్పుకునే కుటుంబాలు కృష్ణకు ఇరువైపులా కనిపిస్తాయి. ఆయన మరణించింది 1816లో. మీ తాతగారు 1905 ప్రాంతంలో పుట్టి ఉంటే, ఆయన తాతగారు తరానికి పాతికేళ్ల చొప్పున 1850లలో పుట్టి ఉండాలి. అంటే కొలువులో ఉన్నది ఆయన కాదు. అంతమాత్రాన కథను కొట్టేయవద్దు. ఇంకా పై తరం వారిది కావచ్చు, విన్నదాని రంగులోనే ఉంచండి.

దస్తావేజులు మళ్లీ చదివేటప్పుడు అమ్మిన, కొన్న పేర్ల దగ్గరే ఆగిపోకండి. చెక్కుబందీ, అంటే పొలం నాలుగు హద్దుల వివరం, చూడండి. అన్నదమ్ములు పంచుకున్న పొలాలు పక్కపక్కనే ఉంటాయి కాబట్టి, తూర్పు హద్దులోనో దక్షిణ హద్దులోనో కనిపించే పేరు మీరు ఏడాదిగా వెతుకుతున్న పినతాతగారిది కావచ్చు. సాక్షులు, దస్తూరి రాసినవారు కూడా తరచుగా దగ్గరివాళ్లే. మొదటిసారి చదివినప్పుడు మీకు పరిచయం లేని పేర్లు ఇవి. ఏడాది తరువాత వాటిలో కొన్నిటిని గుర్తుపడతారు.

సంవత్సరాలను సరిపోల్చడం

పెద్దవాళ్లు తేదీలు చెప్పరు, సంఘటనలు చెబుతారు. తుఫాను ఏడాది, బ్యారేజీ కట్టినప్పుడు, కరువు రోజులు. దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19న వచ్చింది. ప్రకాశం బ్యారేజీ 1957లో పూర్తయింది. ఇలాంటి గుర్తులను ఒక కాగితం మీద వరుసగా రాసి, మీ వాళ్ల జననమరణాలను వాటి పక్కన పెట్టి చూడండి.

తెలుగు సంవత్సరాల పేర్లతో జాగ్రత్త అవసరం, అవి అరవై ఏళ్లకోసారి తిరిగి వస్తాయి. నందనలో పుట్టారంటే 1832 కావచ్చు, 1892 కావచ్చు, 1952 కావచ్చు. 1832లో మొదలైన నందన కరువునే గుంటూరు కరువనీ డొక్కల కరువనీ అంటారు. ఆ కరువులో ఊరు విడిచి వచ్చామని చెప్పే ఇళ్లలో, వచ్చిన మనిషి ఎన్నో తరం వాడో లెక్కపెడితే చాలు, ఆ మాట నిలుస్తుందో లేదో తేలుతుంది.

పాత రెవెన్యూ కాగితాల్లో ఉండేది ఫసలీ, అంటే భూమిశిస్తు లెక్కలకు వాడిన సంవత్సరం. దానికి 590 కలిపితే ఆ ఏడాది మొదలైన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. ఫసలీ ఏడాది జూలై 1న మొదలవుతుంది కాబట్టి, ఫసలీ 1320 అంటే 1910 జూలై నుంచి 1911 జూన్ దాకా. తద్దినం తిథి మాసాన్నీ రోజునూ ఇస్తుంది, సంవత్సరాన్ని ఇవ్వదు. ఇక బడి రికార్డులో పుట్టినరోజు జూలై 1 అని ఉంటే, అది బడిలో చేర్చిన నాడు వేసిన తేదీ కావచ్చునని అనుమానించండి.

"దొరకలేదు" అన్నవాటి జాబితా

ఏడాదిలో ఎక్కడెక్కడ వెతికి ఏమీ దొరకలేదో కూడా రాయండి. ఏ కార్యాలయం, ఏ సంవత్సరాలు, ఏ పేరుతో. చాలాసార్లు కాగితం లేక కాదు, వెతికిన చోటు వేరు కాబట్టి దొరకదు. గుంటూరు జిల్లా 1904లో మళ్లీ ఏర్పడింది. అంతకు ముందు, 1859 నుంచి, ఈ ప్రాంతంలో ఎక్కువ భాగం మచిలీపట్నం కేంద్రంగా ఉన్న కృష్ణా జిల్లాలో ఉండేది. అందుకే 1890ల నాటి పత్రంలో "కృష్ణా జిల్లా నరసరావుపేట తాలూకా" అని ఉంటే అది పొరపాటు కాదు. ఒంగోలు 1904 దాకా నెల్లూరులో, ఆ తరువాత 1970 దాకా గుంటూరులో ఉంది. తాలూకాల స్థానంలో మండలాలు వచ్చింది 1985లో. 2022లో బాపట్ల, పల్నాడు, ఎన్‌టీఆర్ జిల్లాలు ఏర్పడ్డాయి. మీ ఊరి పేరు కింద ఈ మార్పులన్నీ ఒక వరుసలో రాసుకుంటే, వచ్చే ఏడాది ఎక్కడికి వెళ్లాలో తెలుస్తుంది. ఒక ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లను చూపించే ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) ఆన్‌లైన్‌లో 1983 నుంచే ఉంటుంది. అంతకు ముందువాటికి సబ్‌రిజిస్ట్రారు కార్యాలయంలో పాత సంపుటాలు వెతికించి సర్టిఫైడ్ నకలు తీసుకోవాలి. మద్రాసు ప్రెసిడెన్సీ కాలపు రికార్డులకు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్ ముఖ్యమైన చోటు.

ఒక శాఖ మొత్తం మాయమైతే నీళ్లు పారిన వైపు చూడండి. నిజాంసాగర్ 1931లో పూర్తయ్యాక బోధన్, వర్ని వైపు, తరువాత తుంగభద్ర కాలువల కింద కర్ణాటకలోని గంగావతి, సింధనూరు వైపు మన రైతులు వెళ్లి క్యాంపులనే కొత్త ఊళ్లు కట్టుకున్నారు. ఆ క్యాంపుల్లో ఇప్పటికీ ఇక్కడి ఇంటిపేర్లు వినిపిస్తాయి.

ఆడవాళ్ల పుట్టిళ్లు

ఇది ఈ వ్యాసంలో నేను అన్నిటికంటే గట్టిగా చెప్పదలచుకున్న విషయం. గీసుకున్న వంశవృక్షాన్ని గోడకు అంటించి, అందులోని ప్రతి కోడలి పుట్టింటి పేరూ ఊరూ ఉన్నాయా చూడండి. ముత్తాతల పేర్లు ఏడు తరాలు ఒప్పజెప్పే ఇళ్లలో కూడా ముత్తవ్వ పుట్టిల్లు ఖాళీగా ఉంటుంది. ఇది చూసినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. పుట్టింటి ఊరు తెలియకపోతే ఆమె సగం జీవితం మనకు తెలియనట్టే.

పూరించడానికి దారులున్నాయి. శ్రాద్ధంలో తల్లి, నాయనమ్మ, ఆమె అత్తగారి పేర్లు, అలాగే తల్లి పుట్టింటివారి పేర్లు గోత్రంతో సహా చెబుతారు. ఆ వరుసను పురోహితుడి దగ్గరో కర్త దగ్గరో అడిగి రాసుకోండి. పసుపు కుంకుమ కింద కూతురికి ఇచ్చిన పొలం పత్రం ఆమె పుట్టింటి ఊరి రిజిస్ట్రేషన్ కాగితాల్లో ఉండవచ్చు. అమెరికా నుంచి వచ్చిన మిషనరీ హేయర్ 1842లో గుంటూరు చేరి లూథరన్ మిషను ప్రారంభించారు. ఆ సంఘాల కుటుంబాలు చర్చి వివాహ రిజిస్టరు చూపించమని అడగాలి, అందులో వధూవరులిద్దరి తండ్రుల పేర్లూ రాస్తారు. ముస్లిం కుటుంబాలకు నికానామా అదే మేలు చేస్తుంది. ఇంట్లోనైతే అటక మీది ఇత్తడి బిందెలు, గంగాళాలు దింపించి తుడిచి చూడండి. పుట్టింటివారు పెట్టిన సామాను మీద పేరు కొట్టించే అలవాటు మనకుంది, కొన్నిటి మీద తేదీ కూడా దొరుకుతుంది. మేనరికాలు ఉన్న కుటుంబాల్లో ఒకే మనిషి రెండు కొమ్మల మీద వస్తారు, వారిని ఇద్దరుగా లెక్కించకుండా గీత కలపండి.

పండుగకు అడగవలసినవి

మనుషుల జాబితాను వయసు క్రమంలో రాయండి, దగ్గరి చుట్టరికం క్రమంలో కాదు. అందరికంటే పెద్దావిడ దగ్గరికి భోగి నాడే వెళ్లండి. మనిషికి రెండు ప్రశ్నలు చాలు, చేతిలో ఒక పాత ఫోటో ఉండాలి. "మన వంశం గురించి చెప్పండి" అంటే ఎవరూ చెప్పలేరు. "పెద్దమ్మా, ఈ ఫోటోలో మా నాయనమ్మ పక్కన నిలబడిందెవరు? ఏ ఊరావిడ?" అంటే మాట కదులుతుంది. రికార్డు చేసే ముందు అనుమతి అడగండి. దత్తతలు, రెండో పెళ్లిళ్లు, ఆస్తి తగాదాలు బయటపడితే వాటిని విడిగా రాసి దాచండి. అలాంటివి కుటుంబ వాట్సాప్ గ్రూపులో పెట్టవద్దు.

వచ్చే ఏడాదికి మూడు ప్రశ్నలు మాత్రమే ఎంచుకోండి, ప్రతిదాంట్లో మనిషి, ఊరు, కాలం ఉండాలి. ఆ తరువాత ఇప్పటిదాకా తెలిసినదాన్ని రెండు పేజీల్లో పెద్ద అక్షరాలతో, ఒక పక్క వెడల్పుగా ఖాళీ వదిలి ప్రింటు తీయించి, పండుగకు వచ్చినవాళ్లకు పెన్సిలుతో సహా ఇవ్వండి. ముక్కనుమ నాటికి కాగితాలు వెనక్కి తీసుకుని, ఎవరు ఏ దిద్దుబాటు చెప్పారో వారి పేరు, తేదీ వేసి, విన్నదాని రంగులో పుస్తకంలోకి ఎక్కించండి.